ఎడమపక్క పెట్టె

త్రీఫేజు కరెంటు ఇంకా పోలేదు. అది పోయేదాకా కోటేష్ కొత్త యాంప్లిఫైరు స్విచ్చి మీద చెయ్యి వేయడు. ఊరి చుట్టూ మిరప చేలల్లో బోరు మోటార్లు నీళ్ళు తోడుతున్నంతసేపూ ఇళ్ళల్లో కరెంటుకి ఒంట్లో సత్తువ ఉండదు, గోడకి బిగించిన ఓల్టుమీటరు ముల్లు అన్నం తిని కునుకు తీసే ముసలాడిలా ఓ పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. మోటార్లు ఆగాలి, ముల్లు లేచి నిలబడాలి, అప్పుడుగాని ఈ గాజు వాల్వులకి కడుపు నిండదు. కడుపు నిండని వాల్వు పాడదు, మూలుగుతుంది. తమాషా ఏమిటంటే ఆ మోటార్లలో సగానికి తీగ చుట్టింది కోటేషే. కాలిపోయిన మోటారుని విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నీషులో ముంచి, ఎండబెట్టి, బతికించి పంపుతాడు. అది పోయి చేలో కూచుని ఇతని పాటకే అడ్డం పడుతుంది. మిగతా రోజుల్లో అయితే ఈ మాట తలుచుకుని తనలో తనే నవ్వుకునేవాడు. ఇవాళ నవ్వు రావట్లేదు. ముల్లు తొందరగా లేస్తే తేలిపోతుంది కదా అని ఒక మనసు, లేవకపోయినా నష్టం లేదని ఇంకో మనసు.

తేలాల్సింది యాంప్లిఫైరు సంగతి కాదు. అది పాడుతుంది, ఆ నమ్మకం చేతులకి ఉంది. తేలాల్సింది వాకిట్లో నీడపట్టున కూచుని మిరపకాయల తొడిమలు తీస్తున్న సుబ్బరావమ్మ సంగతి. ఇద్దరికీ తల నెరిశాక పెళ్ళాం గురించి కొత్తగా తెలియాల్సింది ఏముంటుందిలే అనుకుంటూనే నిన్న పొద్దున ఒంగోలు బస్సెక్కాడు. అదైనా హారిక పోరు పెట్టబట్టి. ఒంగోల్లో కాపరముంటున్న కూతురు, అమ్మ ఫోనెత్తదు నాన్నా, ఎత్తినా నేనొకటడిగితే తనొకటి చెప్తుంది, ఒకసారి చెవులు చూపిద్దాం తీసుకురా అని నెలరోజులుగా అదే పాట. మీ అమ్మకి చెముడేంటే, రోజూ నా పక్కన కూచుని పాటలు వింటుంటే, అని పెద్దగా నవ్వాడు కూడా. అసలు ఈ ఊళ్ళో ఎవరికి చెముడో ఎవరికి కాదో ఎట్లా తెలుస్తుంది? ఎదురుగా కూచున్నవాడితో కూడా అవతలి గట్టు మీద ఉన్నట్టు అరిచి మాట్లాడే జనం. ఒకరు చెప్పేది ఇంకొకరు వినే అలవాటు ముందే లేదు. అందులో ఆడమనిషి ఒకటికి రెండుసార్లు ఆఁ అంటే, పనిలో పడి వినలేదులే అనుకుంటారు. కోటేషూ అట్లానే అనుకున్నాడు. కుక్కరు ఈల వేస్తుంటే సుబ్బరావమ్మ దాని ఎదురుగా నిలబడి మూత మీది బరువు ఎగరడం కళ్ళార్పకుండా చూస్తుంటుంది. పొయ్యి దగ్గర అంత జాగ్రత్త మనిషి మరొకరు లేరని మురిసిపోయాడు తను. మురిసిపోయాడు! తలుచుకుంటే ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

ఆ గాజు గది మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. రాత్రి నుంచీ వస్తూనే ఉంది. ఆసుపత్రిలో ఓ మూల, అలమరకి కాస్త పెద్దగా, గోడలకి మెత్త అతికించి, ముందువైపు అద్దం బిగించిన గది. పేరుకి శబ్దం దూరని గదేగాని తలుపు సరిగ్గా పడదు, మనిషి వేలితో నొక్కి పట్టుకోవాలి. లోపల సుబ్బరావమ్మ నెత్తిన హెడ్‌ఫోను, చేతిలో బొత్తాం. వినపడినప్పుడల్లా నొక్కమ్మా అని చెప్పి, బయట కూచున్న కుర్రది మిషను మీద మీట తిప్పుతోంది. మొదట్లో బాగానే నొక్కింది. బరువు మోత, ఇంకాస్త సన్నటిది, ఇంకాస్త. తర్వాత ఆగిపోయింది. ఆ పిల్ల మీట ఇంకా పెంచింది. తలుపు సందులోంచి కీచుమని సన్నటి కూత బయట బెంచీ మీదున్న కోటేష్ చెవికి వచ్చింది. బయటున్న తన చెవికి వచ్చింది, చెవుల మీద పెట్టుకున్న ఆమెకి చేరలేదు. సుబ్బరావమ్మ బొత్తాం మీద బొటనవేలు పెట్టుకుని, పేరు పిలుస్తారని కాచుకుని ఉన్న బడిపిల్లలాగా, అద్దంలోంచి అతన్నే చూస్తూ నవ్వుతోంది. నొక్కవే, నొక్కు, వస్తోందిగా, అని లోపల్లోపల ఎంత మొత్తుకున్నాడో. లేచి వెళ్ళి తనే ఆ వేలి మీద వేలు పెట్టి నొక్కేస్తే పోతుందేమో అని కూడా అనిపించింది.

కిందివన్నీ బాగానే అందుతున్నాయండి అంది ఆ పిల్ల. డప్పు మోతలు, మగగొంతులు, అట్లాంటివి. పైకి పోయేకొద్దీ లేదు. ఈలలు, పిట్టల కూతలు, సన్నగా ఉండేవేవీ అందవు. ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళ నాటిది. ఎక్కడన్నా పెద్ద మోతలో పనిచేశారా అమ్మ?

చేసింది. పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక, హారిక చంకనున్నప్పుడు, హారిక కాలేజీకి పోయినప్పుడు కూడా చేసింది. చిలకలూరిపేట రోడ్డు మీద జిన్నింగు మిల్లు. వరసగా మిషన్లు, ఒక్కొక్కటి పత్తి మింగి గింజ ఒకపక్క దూది ఒకపక్క కక్కుతూ చేసే గోలకి పక్కనున్న మనిషి పెదాలు చూసి మాట తెలుసుకోవాల్సిందే. కోటేష్ ఆ మిల్లుకి మోటారు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడే ఆమెని మొదట చూసింది. తలంతా దూది నలుసులు, కనురెప్పల మీద కూడా, వడగళ్ళ వానలో తడిసొచ్చినట్టుగా. ఏదో అడిగాడు, ఆమె అతని పెదాల వంక చూసింది. తన మొహం అంత శ్రద్ధగా అంతకుముందు ఎవ్వరూ చూడలేదు. ఆ చూపుకే పడిపోయాడు. ఆ చూపు ఎందుకో నిన్న తెలిసింది. అంత దూది చుట్టూ పెట్టుకుని చెవుల్లో చిటికెడు పెట్టుకోనిచ్చేవాడు కాదట మేస్త్రీ. పిలిస్తే పలకరని. ఈ ముక్క కూడా నిన్న బస్సులోనే చెప్పింది, అదేదో వేరేవాళ్ళ ముచ్చటైనట్టు. కోటేష్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. అడగాలనుకున్న మాట అడగలేదు.

అడగాలనుకున్న మాట ఇదీ: మరి ఇన్నేళ్ళూ బాగుంది, బాగుంది అన్నావు కదే, అవన్నీ ఉత్తుత్తివేనా? సన్నాయి నీకు వినపడనే లేదు, మరి ఏం విని బాగుందన్నావు? నా మొహం చూసి అన్నావా? చిన్నపిల్లాడు బంకమట్టితో బండి చేసుకొస్తే అబ్బో అంటారే, అట్లా అన్నావా? ఆ మాట నోటిదాకా వచ్చి, ఆమె బత్తాయి వలిచి తొనలు అతని అరచేతిలో పెడుతుంటే లోపలికే పోయింది. రాత్రంతా లోపలే ఉంది. ఇప్పుడూ ఉంది. ఆమె పక్కన కూచుని వింటోందన్న ఆశతోనే కదా ఈ గదినిండా ఇంత ఇనుమూ రాగీ గాజూ పోగేసింది. ఆమెకి చేరకపోతే ఇదంతా ఎవరికోసం కట్టినట్టు?

వాకిట్లోంచి మిరప ఘాటు వచ్చి గొంతు పట్టుకుంది. దగ్గాడు. సుబ్బరావమ్మ తలెత్తలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వార్నీషు వాసన ఇంకా పోలేదు. ఆ వాసన ముక్కుకి తగలగానే మొదటిది గుర్తొచ్చింది. మొట్టమొదటిది. దాన్ని చెయ్యాలని చెయ్యలేదు, అది తనంతట తనే వచ్చి పడింది. కనిగిరిలో మైకుసెట్టు నడిపే జాన్ బాషా, సింగరాయకొండ తిరునాళ్ళలో కాలిపోయిందని ఒక వాల్వు యాంప్లిఫైరు పట్టుకొచ్చాడు. లోపల ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది, నీకు మోటార్లు చుట్టడం వచ్చుగా, ఇదీ రాగి తీగేగా, చుట్టి ఉంచు అన్నాడు. చుట్టాడు. మోటారు చుట్టినట్టే చుట్టాడు, వేరే తెలిస్తేగా. సన్న తీగంతా ఒకేసారి అడుగున, లావు తీగంతా ఒకేసారి పైన, మధ్య కాగితం, చెక్క ముక్కలు దిగ్గొట్టి కదలకుండా బిగించి, వార్నీషులో ముంచి, కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయల పక్కన ఎండబెట్టాడు. బిగించాడు. వాల్వులు వెలిగాయి. దీపాలు పెట్టే వేళ చిన్న చిన్న సెగలు గాజు లోపల మెల్లగా ఎర్రబడుతుంటే కోటేష్ ఇంకేం చూడలేదు. ఈలోగా జాన్ బాషా వాల్వుల్లేని కొత్త సెట్టు కొనుక్కుని, అది నువ్వే ఉంచుకో కోటేషూ, మొయ్యలేక చస్తున్నా అన్నాడు. ఉంచుకున్నాడు. వేపచెక్కతో పెట్టె కొట్టించి స్పీకరు బిగించి, గుంటూరులో పాత సామాన్ల కొట్లో దొరికిన రికార్డొకటి పెట్టాడు. మధ్యలో అంటించిన కాగితం చిరిగిపోయి, వాయించినవాళ్ళెవరో కూడా తెలియని సన్నాయి మేళం.

ఆ సాయంత్రం సుబ్బరావమ్మ మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అప్పటిదాకా రేడియో పెట్టినా, పెళ్ళిళ్ళలో మైకు మోగినా తలతిప్పని మనిషి. నెత్తి మీది దూది దులుపుకోకుండా, కాళ్ళు కడుక్కోకుండా వచ్చి ఆ పెట్టెకి వీపు ఆనించి కింద కూచుంది. రికార్డు అయిపోయేదాకా లేవలేదు. అయ్యాక అతను ఏమీ అడగకముందే, బాగుంది, అంది. ఇంకోసారి పెట్టు, అంది.

ఎవరూ అడక్కుండా అంది. ఈ సంగతి దగ్గర కోటేష్ ఆలోచన కాసేపు ఆగింది. గోడ మీది ముల్లు వంక చూశాడు. ఇంకా పడుకునే ఉంది.

తర్వాత షఫీక్ భాయ్ వచ్చాడు. గుంటూరులో కాలేజీలో సైన్సు చెప్పేవాడు, ఇంట్లో వాల్వు యాంప్లిఫైర్లు తయారుచేసుకోవడం ఆయనకి పిచ్చి. మామగారి చేలో మోటారు కాలితే తీసుకొచ్చి, కొట్టు వెనక గదిలోంచి మోత విని లోపలికి తొంగిచూశాడు. విన్నాడు, ఇంకాస్త విన్నాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. "కోటేషూ, ఇది యాంప్లిఫైరు కాదయ్యా, నీళ్ళమోటారు! డోలు తప్ప ఏముంది ఇందులో? సన్నాయివాడు కుండలో తల పెట్టి ఊదుతున్నాడా ఏంటి?" మంచివాడు, నవ్వి ఊరుకోలేదు, కూచోబెట్టి నేర్పాడు. మోటారు చుట్టినట్టు చుట్టకూడదు దీన్ని. సన్న తీగ ఒక పొర, దాని మీద లావు తీగ ఒక పొర, మళ్ళీ సన్నది, మళ్ళీ లావుది, చేమంతిపూల దండలో మరువం కలిపి కట్టినట్టు. అప్పుడుగాని సన్నటి శబ్దం తోవ తప్పకుండా బయటికి రాదు. కోటేష్ అట్లా చుట్టి ఇంకో యాంప్లిఫైరు కట్టాడు. మొదటిసారి ఆ రికార్డులో సన్నాయివాడు ఊపిరి పీల్చడం వినపడింది. పీల్చడం! ఎప్పుడో పోయి ఉంటాడు ఆ మనిషి, ఆ ఊపిరి తన గదిలో. కోటేష్‌కి ఒళ్ళు జలదరించింది. అదిగో ఆ రోజు పట్టుకుంది పురుగు, ఇప్పటిదాకా వదల్లేదు. పాతదాన్ని విప్పి ఇనుము వాడుకుందామనుకుని, చేతులు రాక అటకెక్కించాడు. ఒకటి పోయి రెండు పెట్టెలొచ్చాయి. కండెన్సర్లు మార్చాడు, వాల్వులు మార్చాడు, స్పీకర్ల పైన సన్న శబ్దాల కోసం విడిగా చిన్న ట్వీటర్లు పెట్టాడు, వాటిని మార్చి ఇంకా మంచివి పెట్టాడు. మార్చిన ప్రతిసారీ సన్నాయి ఒక అడుగు ముందుకొచ్చింది. ఊరివాళ్ళు కోటేష్‌కి మతి చెడిందన్నారు, అననివ్వు. సుబ్బరావమ్మ మాత్రం ఎన్నడూ ఒక్క మాటనలేదు. పిలిస్తే వచ్చేది, కూచునేది, వినేది.

కూచునేది సరే, ఎక్కడ కూచునేది? అదొక పెద్ద తగువు. షఫీక్ భాయ్ లెక్క ప్రకారం రెండు పెట్టెలకీ ఎదురుగా, సరిగ్గా నడిమధ్యన కుర్చీ వెయ్యాలి. అక్కడ కూచుంటే మేళం మొత్తం కళ్ళెదుట నిలబడుతుంది, సన్నాయి ఇక్కడ, డోలు అక్కడ, తాళం వేసేవాడు వెనకాల. కోటేష్ మంచి పేము కుర్చీ కొని వేశాడు, ఇద్దరు ఇరుక్కుని కూచోవచ్చు అందులో, ఇరుక్కుని కూచోవాలనే కొన్నాడు. సుబ్బరావమ్మ ఒక్కనాడు కూచోలేదు. తొడిమలు తీసే చేట ఒళ్ళో పెట్టుకుని, ఎడమపక్క పెట్టెకి వీపు ఆనించి కింద చతికిలపడేది. రావే, ఇటొచ్చి కూచో, అక్కడ ఏం వినపడుద్ది నీ మొహం, అంటే, ఇక్కడే హాయిగా ఉందిలే అనేది. కోటేష్ లోపల చిన్నబుచ్చుకునేవాడు. ఇంత చేసి కుర్చీ వేస్తే దీనికి విలువే లేదు, పని చేసుకోను చోటు చూసుకుంటోందిగాని పాట మీద ధ్యాస లేదు అని. ఇంకోటి కూడా. పెట్టెలు గోడకి దగ్గరగా ఉంటే డోలు మోత ఎక్కువైపోయి ముద్దగా వస్తుంది, ముందుకి జరపాలి. జరిపి, నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. సుబ్బరావమ్మ ఊడ్చినప్పుడల్లా ఎడమ పెట్టెని మళ్ళీ మూలకి నెట్టేది, సుద్దగీత తుడిచేసేది. చీపురు తిరగట్లా అనేది. అతను జరపడం, ఆమె నెట్టడం. ఎడమదాన్నే. కుడి పెట్టె జోలికి పోయేదే కాదు. చీపురు కుడిపక్క మాత్రం ఎట్లా తిరిగేదో!

కోటేష్ కుర్చీలో ముందుకి వంగాడు. సరే, చూద్దాం. ఒక్కొక్కటీ చూద్దాం. కాలిన మోటారు విప్పి ఎక్కడ మాడిందో వెతికేటప్పుడు చుట్టు తర్వాత చుట్టు వేలితో తడుముకుంటూ పోయినట్టు, అతను ఆ మాటలన్నీ తడుముకుంటూ పోయాడు. ట్వీటర్లు పెట్టిన రోజు ఏమంది? ఎట్లా ఉందే అని అడిగాడు తను. నీకు బాగుందా, అంది. అద్భుతంగా ఉంది అన్నాడు. అయితే చాల్లే, అంది. మంచి ట్వీటర్లు తెచ్చిన రోజు? నీకు బాగుందా అయ్యా, అంది. కండెన్సర్లు మార్చి సన్నాయి వెన్నలా వస్తోందని తను గంతులేసిన రోజు? నవ్వుతూ తన మొహం వంక చూసి, నీకు బాగుందా, అంది. బాగుంది అనలేదు. వేపచెక్క పెట్టెలు తీసి దిట్టమైన టేకు పెట్టెలు చేయించినప్పుడు? బాగుంది అంది, చెయ్యి పెట్టి చూసి మరీ అంది. పెద్ద స్పీకర్లు వేసినప్పుడు? బాగుంది. ఒకసారి తనే పిలిచి, ఈ పెట్టెలో ఏదో కొట్టుకుంటోంది చూడు అంది. నడిమి కుర్చీలో ఎంత చెవొగ్గినా అతనికి ఏమీ వినపడలేదు. నీ భ్రమ అన్నాడు. మర్నాడు విప్పితే లోపల మర ఒకటి వదులై ఉంది, వేలితో తిప్పితే తిరుగుతోంది. వీపుతో విన్నది ఆ మనిషి! అబద్ధం ఒక్కటీ లేదు. తనకి వచ్చినప్పుడు బాగుంది అంది, రానప్పుడు నీకు బాగుందా అంది. రెండు మాటలూ ఒకటే అనుకుని చెవిలో వేసుకున్నది తను. చెవుల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే తను.

కళ్ళు మండాయి. మిరప ఘాటు అనుకున్నాడు, కాదని తెలుస్తూనే. ఎందుకంటే ఆ వెనకే ఇంకోటి వచ్చి కూచుంది, దాన్ని ఆపడం అతనివల్ల కాలేదు. ఆ మొదటిది, మోటారులా చుట్టినది, డోలు తప్ప ఏమీ రాదని షఫీక్ భాయ్ నవ్వినది, అదొక్కటే పూర్తిగా ఆమెది. గుమ్మంలోంచి లాక్కొచ్చి కూచోబెట్టింది అది. దాన్ని అటకెక్కించి, ఏడాదికేడాది, తీగ మీద తీగ చుట్టి, ఎంతో ముచ్చటపడి, పాటని ఆమె దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా దూరం జరుపుకుంటూ పోయాడు తను. ఆమె పెట్టెని మూలకి నెట్టుకుంటూ, వీపు ఆనించుకుంటూ, దాని వెంటే వచ్చింది. అలిసిపోయానని అనలేదు. ఆ పాత డబ్బా ఏం చేశావు అని ఒకసారి అడిగింది. అటక మీదుందిలే అంటే, పారెయ్యలేదుగా, అంది. అంతే అడిగింది.

అప్పుడు ఆగాయి మోటార్లు. ఒకటి, తర్వాత దాని పక్కది అని కాదు, అన్నీ ఒక్కసారే. పొద్దుటి నుంచీ ఉన్న మోత పోయాకగాని అది ఉందని తెలియలేదు. ఎక్కడో గేదె అరిచింది. గోడ మీది ముల్లు ఒళ్ళు విరుచుకుని నిలబడింది. కొత్త యాంప్లిఫైరు బల్ల మీద తళతళలాడుతోంది, ఇంతవరకూ చుట్టినవాటిలో ఇంత చక్కగా చుట్టింది లేదు. కోటేష్ లేచి, దాన్ని దాటుకుని పోయి, అటకకి నిచ్చెన వేశాడు.

గోనెసంచీలో చుట్టి ఉంది. మొయ్యలేక చస్తున్నా అని జాన్ బాషా ఊరికే అనలేదు. దించేసరికి నడుం పట్టేసింది. సాలెగూళ్ళు తుడిచాడు, వాల్వుల మీది దుమ్ము లుంగీ అంచుతో తీశాడు, లోపల తను చుట్టిన ముద్ద నల్లగా, మోటుగా, కుర్రతనపు బలమంతా పెట్టి బిగించినట్టే ఉంది. ఏళ్ళ తరబడి కరెంటు మొహం చూడని వస్తువుకి ఒక్కసారే కరెంటివ్వకూడదు. కొట్లో మోటార్లకి వాడే సీరీస్ బల్బు తెచ్చాడు. కరెంటు ముందు ఆ బల్బులోంచి పోయి తర్వాత దీనికి వస్తుంది. లోపల ఎక్కడన్నా చెడి ఉంటే బల్బు భగ్గున వెలిగి అట్లాగే ఉండిపోతుంది. బాగుంటే ఒకసారి వెలిగి తగ్గుతుంది. వేల మోటార్లకి పెట్టి చూసిన బల్బే. స్విచ్చి వేశాడు. భగ్గున వెలిగింది. గదంతా పసుప్పచ్చగా అయింది. తగ్గు, తగ్గవే తల్లీ, అంటూ దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. వెలుగుతూనే ఉంది. ఏదో ఒకటి ఎలకలు కొట్టి ఉంటాయి, ఇక లేదు, అయిపోయింది అనుకుంటుండగా, బల్బు నెమ్మదిగా, ఇష్టం లేనట్టుగా, తగ్గింది. తగ్గి చిన్న ఎర్రటి తీగై నిలిచింది. దాని వెనక వాల్వులు ఒకటొకటే కళ్ళు తెరిచాయి.

"దాన్నెందుకు దించావు?" చేట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది సుబ్బరావమ్మ. "కొత్తది ఏమైంది, పలకట్లేదా?"

కోటేష్ ఆమె వైపు తిరిగాడు. మాట కనపడేట్టు మొహం మొత్తం తిప్పాడు. "కొత్తది బాగానే ఉంది. నాకు చెప్పొచ్చుగా, నీకు వినపడట్లేదని."

సుబ్బరావమ్మ చేట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. "ఏం చెప్పేది? నాకు వినపడేది వినపడతానే ఉండె. వినపడనిది ఒకటుందని నాకేం తెలుసు? నిన్న ఆ పిల్ల చెప్తేనే తెలిసింది." తర్వాత గొంతు తగ్గించాననుకుంది, తగ్గలేదని తనకి తెలియదు గాబోలు, ఊరంతటికీ వినపడేట్టే ఉంది. "నీ మొహం చూస్తే మటుకు తెలిసేది, ఏదో బాగా వస్తోందని. అది చూస్తా కూచునేదాన్ని. కోపమొచ్చిందా?"

రాలేదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వచ్చే వారం చెవి మిషను వస్తుంది. పెట్టుకుంటే సన్నాయి వినపడుద్దా అని నిన్న డాక్టరుని అడిగితే కొంతవరకు వినపడొచ్చు, చూద్దాం అన్నాడు. చూద్దాం. అది వచ్చే వారం సంగతి. కోటేష్ వంగి ఎడమ పెట్టెని రెండు చేతులా పట్టుకుని, సుద్దగీత దాటించి, గోడ మూలకి, ఆమె నెట్టే చోటుకి, ఇంకో రెండంగుళాలు లోపలికే నెట్టాడు. దాని వైరు కొత్తదాంట్లోంచి పీకి పాతదానికి బిగించాడు. కుడి పెట్టెని కొత్తదానికే ఉంచాడు. ఒక పక్క నీళ్ళమోటారు, ఒక పక్క సన్నాయి. షఫీక్ భాయ్ చూస్తే ఈసారి నవ్వడు, ఏడుస్తాడు. రెండింటి మోతా ఒక తూకానికి రాదు, మీట ఇటు తిప్పి అటు తిప్పి రాదని తెలిసి వదిలేశాడు. బల్బు తీసేసి సూటిగా కరెంటిచ్చి, ఆ పేరులేని రికార్డు పెట్టి దాని మీద సూది దించాడు.

గరగర, తర్వాత శ్రుతి, తర్వాత డోలు మీద మొదటి దెబ్బ. సుబ్బరావమ్మ అప్పటికే చతికిలబడి పెట్టెకి వీపు ఆనించింది, చేతిలో మిరపకాయ ఉంది. ఆ దెబ్బకి వేళ్ళు ఆగిపోయాయి. రెండోది, మూడోది, నేల అదురుతోంది, అలమరలో గిన్నెలు అదురుతున్నాయి. ఆమె మిరపకాయ చేటలో పెట్టేసింది, తల వెనక్కి వాల్చి పెట్టెకి ఆనించింది. తలలో దూది లేదు, వెంట్రుకలే తెల్లబడి ఉన్నాయి. తక్కినదంతా మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయిన ఆ సాయంత్రం మొహమే.

కోటేష్ అలవాటుగా నడిమి కుర్చీ వైపు రెండడుగులు వేశాడు. వేసి, వెనక్కి వచ్చి, నడుం పట్టుకుని ఉస్సురంటూ ఆమె పక్కన కింద కూచుని వీపు పెట్టెకి ఆనించాడు. ఇన్నేళ్ళలో ఇక్కడ కూచోవడం ఇదే మొదలు. సన్నాయి ఎక్కడో గదికి అవతల మూల, ఒక్క చెవికే, సగం సగంగా వస్తోంది. డోలు మాత్రం వెన్నులోంచి ఎక్కి పక్కటెముకల్లో తిరుగుతోంది. వాయించేవాడు బొటనవేలు నొక్కి వదలడం, మోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందీ, దెబ్బకీ దెబ్బకీ నడుమ చెయ్యి ఎంతసేపు గాల్లో నిలిచిందీ, అన్నీ తెలుస్తున్నాయి. ఈ రికార్డు తనకి కంఠతా వచ్చనుకున్నాడు. ఇతనెవరో ఈ డోలు మనిషి, ఇంతకాలం ఒకే గదిలో ఉండి పరిచయమే లేదు.

"బాగుంది," అంది సుబ్బరావమ్మ, ఎవరూ అడక్కుండానే. కళ్ళు మూసుకునే అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కళ్ళు తెరిచి, పక్కకి తిరిగి, ఎప్పట్లాగే అతని మొహం వంక చూసింది. "నీకు బాగుందా?"

"బాగుంది," అన్నాడు కోటేష్. అప్పుడు గుర్తొచ్చి, ఆమెకి పెదాలు కనపడేట్టు ఆమె వైపు తిరిగి, ఇంకోసారి చెప్పాడు.